చెంబుపాలైన ప్రయోగం

మొన్న కెంచనగుడ్డ మేతబీడులో నా ప్రయోగాన్ని ఎవరు చెడగొట్టారో చెబితే మీరు టీ గ్లాసు కింద పెట్టేస్తారు. చెబుతాను, తొందరపెట్టకండి.

మేసే పశువుల మూత్రం పడిన నేల నుంచి ఎంత అమ్మోనియా గాలిలో కలుస్తుందో ముందుగానే లెక్కగట్టే మోడల్ ఒకటి తయారుచేశానని మీకు తెలుసు. దాన్ని పరీక్షించడానికి విశ్వవిద్యాలయం నుంచి సుమంగళ గారు వచ్చారు. ఆమె సరేనంటేనే మోడల్ వాడకంలోకి వస్తుంది. లేదంటే నా బీరువాలోనే ఉంటుంది.

"సాయంత్రానికి మీ కొలత నా అంకెతో సరిపోతుంది, చూడండి" అన్నాను. అనుమానించడం నాకు అలవాటు లేదు.

పద్ధతి సులువే. ఆవు మూత్రం పోసిన చోట వెంటనే డబ్బా బోర్లించి, లోపల చేరే అమ్మోనియాను కొలవాలి. ఆవు ఆ ఊరి రైతు రామాంజినప్పది. అతను వరి పండిస్తూనే గనులకు లారీలు తిప్పుతున్నాడు. ఈ గనుల కాలంలో అందరికీ లారీలే కదా! ఆ రోజే అతని కొత్త లారీ వచ్చింది. బీడు పక్కనే నిలిపి, పూలదండలు వేసి పూజ మొదలుపెట్టాడు.

ఆవు మేసింది. నెమరు వేసింది. మమ్మల్ని చూసింది. అంతకు మించి ఏమీ చేయలేదు.

"స్వల్ప నీళ్లు తాగించండి సార్" అన్నారు సుమంగళ గారు, కన్నడం కలిసిన తన తెలుగులో. తాగించాం.

ఎండ నెత్తికెక్కాక ఆవు తోక లేపింది! ఆమె డబ్బాతో సిద్ధమయ్యారు. నేను తోక దగ్గరే నిలబడ్డాను. అంతలో వెనక నుంచి కేక.

"ముహూర్తం పోతాండాది! ఆవుపంచితం చల్లకుండా లారీ యాడ కదుల్తాది? పట్టప్పా, పట్టు! కింద పడనీయొద్దు!"

రామాంజినప్ప నా చేతుల్లో రాగిచెంబు కుక్కాడు. చిన్నప్పుడు ఊళ్లో ఏ గృహప్రవేశమైనా ఈ పనికి నన్నే పిలిచేవారు. చేతులు నా మెదడును సంప్రదించలేదు. వంగాను, పట్టాను. ఒక్క బొట్టు నేల మీద పడలేదు! పైగా, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, తలెత్తి గర్వంగా చుట్టూ చూశాను.

"ఏం పట్టినారు సారూ! మా ఇంట్లో ఎవరికీ రాదు ఈ ఒడుపు" అంటూ రామాంజినప్ప చెంబు లాక్కుని పరుగెత్తాడు. కాస్త మిగల్చమని నేను అరిచేసరికే లారీ చక్రాలు తడిశాయి. ఆ తర్వాత ఆవు చెట్టు నీడలో పడుకుంది. సాయంత్రం దాకా లేవనే లేదు.

సుమంగళ గారు పొడిగా ఉన్న గడ్డిని చూశారు. తడిసిన లారీని చూశారు. "డబ్బా ఎక్కడ బోర్లించమంటారు సార్? చక్రం మీదనా?"

నేను చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాను.

"మళ్లీ వస్తాను సార్" అన్నారామె నవ్వు ఆపుకుంటూ. "మీ మోడల్ మీద నాకు నమ్మకముంది. ఒక్కటే షరతు. ఆవు తోక లేపినప్పుడు మీరు కంచెకు అవతల ఉండాలి."

ఒప్పుకున్నాను. మోడల్‌లో లోపం లేదని ఇప్పటికీ ఢంకా బజాయించి చెబుతాను. అందులో ఎండకు, గాలికి, మట్టికి, తేమకు చోటిచ్చాను. నా చేతులకు ఇవ్వలేదు, అంతే.