లేస్తున్న గీత

ఆకాశం అందరికీ ఒకటే అంటారు. వట్టి మాట. అరగత్స్ కొండ మీద మా కేంద్రానికి చేరేసరికి గాలిలో మూడోవంతు కిందే ఉండిపోతుంది. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కిరణాలను అడ్డుకునేది ఆ గాలే. ఇక్కడ దాని అడ్డు పలచన. ఆ కిరణాలను లెక్కపెట్టే యంత్రాలను చూసుకునేది అర్పెనిక్. ఆవిడ భర్త సామ్వెల్‌ది మంచు ఎత్తిపోసే పార పని, నాది వంట.

కింద ఊళ్లో పంతులమ్మగిరీ మాని ఇక్కడికొచ్చిన మనిషి ఆవిడ. అంగారకుడంటే పిచ్చి.

"అక్కడ గాలి ఉల్లిపొరంత. నేల తవ్వుకుని మట్టికింద బతకాలి," అనేది లవాష్ రొట్టె చింపుకుంటూ.

"తవ్వేది నేనేగా," అనేవాడు సామ్వెల్.

మంచు కూడా కిరణాలకు అడ్డే. యంత్రాలున్న గది కప్పు మీద పేరుకుంటే లెక్క తగ్గుతుంది, తీసేస్తే పెరుగుతుంది. అందుకే, కొండ మీద మంచు ఇంకా కరగని ఆ మే నెల మధ్యాహ్నం, ఆవిడే మొగుణ్ణి కప్పు ఎక్కించింది. మబ్బు కిటికీలకు ఆనుకుని ఉంది. నేను టీ తెచ్చేసరికి తెర మీద కిరణాల లెక్క చూపే గీత పైకి పాకుతోంది.

"చూశావా, ఇవాళ ఒళ్లు వంచాడు," అంది మురిపెంగా.

గీత ఇంకా లేచింది. ఆవిడ పక్క తెర చూసింది. అది దూరంగా ఉన్న చిన్న షెడ్డులోని యంత్రానిది. దాని కప్పు మీద మంచు ఎవరూ తీయలేదు. అయినా అదీ లేచింది.

ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. లెక్క పెంచుతున్నది పార కాదు, మబ్బులో పోగైన విద్యుత్తు. పిడుగుకు ముందు ఇక్కడ అలాగే అవుతుంది. అది ఏ క్షణాన పడేదీ మాత్రం తెలియదు.

కోటైనా వేసుకోకుండా పరిగెత్తింది. నేనూ వెనకే వెళ్లి కింద నిచ్చెన పట్టుకున్నాను, ఆవిడ పైకెక్కింది. పైన సామ్వెల్ చేతిలోని ఇనుప పార మబ్బులోని విద్యుత్తుకు సన్నగా గీపెడుతోంది.

"అది పడేసి దిగు."

"ఇంకా ఆ మూల ఉందే."

"మూల సంగతి తర్వాత. దిగవయ్యా."

చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చింది. ముగ్గురం గుమ్మం దాటి లోపల పడ్డాం. కప్పు మీద పిడుగు పడింది. తెరల మీద రెండు గీతలూ ఒక్కసారిగా జారిపోయాయి.

సామ్వెల్ తెరల వైపు చూశాడు.

"గీత ఎప్పట్నుంచి లేస్తోంది?" అన్నాడు.

"చాలాసేపట్నుంచి."

"మరి నువ్వేం చేస్తున్నావు?"

"బాగా పనిచేస్తున్నావని మురిసిపోతున్నా," అని భోరుమంది.

సామ్వెల్ ఆవిడ తల గుండెకు ఆనించుకున్నాడు.

"ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి మెచ్చుకున్నావు, అదీ నా ప్రాణం మీదకి తెచ్చావు. ఇకమీదట తిడుతూనే ఉండవే."