నాలుకకి తెలియని ఉప్పు

మా చేను ఉప్పుటేరు గట్టుపక్కనే. కొల్లేరు నీళ్లు ఈ ఏటిలోంచే సముద్రానికి పోవాలి. ఎండలు ముదిరి పైనుంచి నీళ్లు తగ్గాయంటే, పోటు సమయంలో సముద్రమే ఏటివెంట మా మీదికి ఎక్కి వస్తుంది. మాది కాలువ శివారు కాబట్టి మంచినీళ్లు ఒక్కోసారి మాదాకా రావు. అప్పుడు ఏటికి ఇంజన్ పెట్టి తోడుకుంటాం. తోడేముందు దోసిట్లో పట్టి రుచి చూస్తాం. చప్పగా ఉంటే ఇంజన్ వేస్తాం, ఉప్పగా ఉంటే ఆగుతాం. మా ఊళ్లో అందరి పద్ధతీ ఇదే.

ఆ ఏడాదికి ముందు పంటలు వరసగా దెబ్బతిన్నాయి. ఈ ఎండాకాలం దాళ్వా వరి కూడా పోతే చేను రొయ్యల చెరువుకి ఇచ్చేద్దామన్నారు మా ఆయన. నేను ఇంతెత్తున లేచాను. నా చేత్తో నాట్లు ఊడ్చిన చేను, రొయ్యలకి ఇవ్వను గాక ఇవ్వనన్నాను. ఈ ఒక్క పంట చేతికొస్తే చాలు, ఆ మాట మళ్లీ ఎత్తనని ఆయన ఒప్పుకున్నారు.

సరిగ్గా చేను పొట్ట మీద, ఈనడానికి సిద్ధంగా ఉన్నప్పుడు కాలువ ఎండిపోయింది. నేల నెర్రెలిచ్చింది. ఆ పొద్దున మా ఆయన ఏటినీళ్లు నోట్లో పోసుకుని చప్పరించి, "బానే ఉన్నాయి, నువ్వూ చూడు" అన్నారు. నేనూ చూశాను. బానే ఉన్నాయి. ఇంజన్ వేశాం.

ఆ రోజే రాజమండ్రి నుంచి మా చెల్లెలు వచ్చింది. కాఫీ ఇస్తే ఒక్క గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది.

"ఏంటక్కా, పంచదార అనుకుని ఉప్పేశావా?"

"గోదావరి నీళ్లు తాగేవాళ్లకి మా కాఫీలు ఎక్కడ నచ్చుతాయిలే" అని ఎకసెక్కమాడాను. అది లేచి బిందెలో నీళ్లు ముంచుకుని తాగి, ఊసేసింది.

"కాఫీ కాదక్కా, నీళ్లే ఉప్పగా ఉన్నాయి. ఇవి ఎలా తాగుతున్నారు?"

అవి మా బోరు పంపు నీళ్లు. రోజూ తాగేవే. భూమిలోంచి ఉప్పు కొద్దికొద్దిగా ఎక్కుతూ వచ్చి మా నాలుకల్ని ఎప్పుడో చంపేసింది. మరి పొద్దున రుచి చూసింది ఆ నాలుకలే కదా!

చెల్లెల్ని రెక్క పట్టుకుని చేలోకి లాక్కెళ్లాను. ఏటినీళ్లు నాలుక్కి తాకించుకుని అది నావైపు భయంగా చూసింది. "సముద్రమే అక్కా ఇది" అంది.

ఇంజన్ ఆపేశాం. అప్పటికే చేను నిండింది. గట్టు తెంపి వదిలేద్దామంటే ఏరు పోటు మీదుంది, తెంపితే ఇంకా లోపలికి వస్తుంది. మా ఆయన బకెట్ తీసుకుని చేలో నీళ్లు ముంచి ఏట్లో పోయడం మొదలెట్టారు. ఎకరాల నీళ్లు బకెట్‌తో తోడతారా, మతి పోయిందా అని అరిచాను. అరిచి, నేనూ ఇంకో బకెట్ అందుకున్నాను.

పోటు తీశాక గట్టు తెంపాం. నీళ్లు పోయాయి, ఉప్పు పోలేదు. దాన్ని కడగాలంటే మంచినీళ్లు కావాలి. కాలువ లాకుల దగ్గర పనిచేసే ఆయనకి ఫోన్ చేసి బతిమాలాను. "పైనే లేవమ్మా, నన్నేం చేయమంటారు?" అన్నాడు. ఆకుల కొసలు మాడిపోయాయి. వెన్నులు తెల్లగా ఈనాయి. ఒకటి తెంపి నలిపితే ఊక తప్ప గింజ లేదు. గట్టు మీద కూలబడి ఏడ్చాను.

తర్వాత రొయ్యల చెరువులాయన వచ్చాడు. చిన్న మిషన్ ఏటినీళ్లలో ముంచి చూసి సంబరపడిపోయాడు. "ఉప్పు చక్కగా కుదిరిందండీ" అన్నాడు. మాకు ఏ అన్యాయమూ చేయని ఆ మనిషిని కొట్టాలనిపించింది. మా ఆయన నావైపు చూశారు. ఈసారి నేనే తలూపాను.

చెరువు తవ్వడానికి పొక్లెయిన్ వచ్చిన రోజు పక్కచేను బాబాయిగారు పరుగున వచ్చారు. వరసకి బాబాయి, మాలాగే వరి మీదే బతికే మనిషి.

"అమ్మాయ్, మీరు చేలో ఉప్పునీళ్లు నిలబెడితే అది ఊటై నా చేలోకి దిగదా? నేనేం చేయాలమ్మా?"

ఆయన చేతులు పట్టుకుని క్షమించమని అడగాలనుకున్నాను.

"మీరూ ఇచ్చేయండి బాబాయిగారూ" అన్నాను.