మాట్లాడాను, ఆలోచిస్తానన్నది

పద్దెనిమిదేళ్ళు నేనొక పచ్చి అబద్ధంతో కాపురం చేశాను. డిగ్రీ పాసయ్యానన్నదే ఆ అబద్ధం. బీకాంలో అన్నీ గట్టెక్కి, స్టాటిస్టిక్స్ దగ్గర మూడుసార్లు బోర్లా పడ్డాను. నాలుగోసారి రాయాల్సిన నెలలో పెళ్ళి కుదిరింది, పరీక్ష అటే పోయింది. మా ఆయనకు పెళ్ళైన మూడోరోజే చెప్పేశాను. ఆయన నవ్వి, "నేను ఇంగ్లీషు ఎట్ల పాసయిన్నో నాకే తెల్వది" అని ఆ సంగతి అక్కడితో మర్చిపోయాడు. మిగతా లోకానికి మాత్రం నేను గ్రాడ్యుయేట్‌ని. ముఖ్యంగా మా అమ్మాయికి.

అదిప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, లెక్కల గ్రూపు. దాని మార్కులు కాస్త జారాయంటే నా నోరు ఊరుకోదు. "నేను ఒక్క సబ్జెక్టు సుత తప్పకుండ, ఒక్కసారికే డిగ్రీ పాసయిన, తెల్సా?" అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాను. పోయిన ఏడాది ఓ పరీక్ష మార్కులు వచ్చిన రోజు ఇలాగే దులిపేస్తుంటే అది తల వంచుకుని, "అందరు నీలెక్క ఉండరు మమ్మీ" అంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. అయినా నిజం చెప్పలేదు. చెప్పుంటే నేను నేనెందుకవుతాను?

నా ఉద్యోగం సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. యాప్రాల్‌లో బస్సెక్కి రోజూ సికింద్రాబాద్‌లోని ఒక యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్తాను. నన్ను మూడుసార్లు తప్పించిన యూనివర్సిటీ అదే. అవుట్‌సోర్సింగ్‌లో డేటా ఎంట్రీ పని. ఇంటర్ పాసైతే చాలన్నారు గనక అక్కడ అబద్ధం చెప్పే అవసరం పడలేదు. ఏడాదిలో యూనివర్సిటీ ఎంత ముందుకు పోయిందో ఒక లావుపాటి రిపోర్టుగా తయారుచేయడం మా సెక్షన్ పని. ఎన్ని మొక్కలు నాటారు, లైబ్రరీకి ఎన్ని పుస్తకాలు వచ్చాయి, ఇవన్నీ ఇట్టే తేలిపోతాయి. తేలనిదల్లా 'విద్యార్థుల పురోగతి' అనే అధ్యాయం. చదువు ముగించి వెళ్ళినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కోవాలి. కనుక్కుంటే సరిపోదు, రుజువు కూడా కావాలి. ఉద్యోగమైతే ఐడీ కార్డు ఫోటో, పైచదువైతే అడ్మిషన్ కాగితం.

ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఫోన్ చేసి, మీ ఐడీ కార్డు ఫోటో పంపండి అంటే ఈ రోజుల్లో ఎవరైనా ఏం చేస్తారు? సగం మంది "ఓటీపీ చెప్ప, పో" అని పెట్టేశారు. ఒకాయన "మీ యూనివర్సిటీ గేటు ఏ రంగుంటది, చెప్పు చూద్దాం" అని నన్నే విచారణ చేశాడు. ఒకబ్బాయి వాళ్ళమ్మ ఫోనెత్తి, "మావోడు ఇంట్లనే ఉంటున్నడమ్మా, మీ తాన ఏదన్న నౌకరి ఉంటె జెర చూడు" అని నా నంబర్ తీసుకుంది. అప్పట్నుంచి ప్రతి సోమవారం ఆవిడే నాకు ఫోన్ చేసి పురోగతి కనుక్కుంటోంది. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వ్యాపారం చేసే కుర్రాడొకడు మాత్రం "మస్తు ప్రోగ్రెస్‌ల ఉన్న మేడం, రాస్కోన్రి" అని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని టమాట ట్రేల గుట్ట మీద నిలబడ్డ ఫోటో పంపాడు.

ఆ ఫోటోను మా మేడం చాలాసేపు చూసింది. ఆవిడ మా సెక్షన్ ఇన్‌చార్జి. నల్లగొండ దిక్కు మనిషి, రిటైర్మెంట్ దగ్గర పడింది. కళ్ళజోడు ముక్కు చివరకు జార్చి చూసిందంటే ఎదుటివాళ్ళు చేయని తప్పు కూడా ఒప్పుకుంటారు.

"ఐడీ కార్డు ఏది?"

"మెడల ఏం లేదు మేడం. చేతుల టమాట ఉంది."

"లైసెన్స్ కాపీ అడుగు. స్వయం ఉపాధి అని రాయి." ఫోటో వైపు మళ్ళీ చూసి, "అందరికన్న ఈ పిల్లగాడే ఖుషీగున్నడు" అంది.

ఇలా నడుస్తుండగా యూనివర్సిటీ వన్ టైమ్ ఛాన్స్ ప్రకటించింది. ఎప్పుడో ఫెయిలై, గడువు దాటిపోయి, ఇక రాయడానికి వీల్లేదని వదిలేసిన సబ్జెక్టులను ఒకే ఒక్కసారి రాసుకోనిస్తారు. ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా కుదరదు. ఆ పాతవాళ్ళు పాసైతే పురోగతి అధ్యాయానికి కళ వస్తుందని మేడం నా ముందో పేర్ల జాబితా పెట్టింది.

"అందరికి ఫోన్ చేసి చెప్పు. ఏమన్నరో పక్కన రిమార్కుల రాయి. ఒక్క గడి సుత ఖాళీ ఉండద్దు."

మూడో పేజీలో నేనున్నాను. పుట్టింటి ఇంటిపేరుతో, హాల్‌టికెట్ నంబరుతో, ఎప్పుడో తీసేసిన మా నాన్న ఇంటి ల్యాండ్‌లైన్ నంబరుతో సహా. పక్కనే 'స్టాటిస్టిక్స్, ఫెయిల్' అని. మేడం ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. గడి ఖాళీగా వదిలే వీల్లేదు. కాసేపు పెన్ను కొరికి, చేతికొచ్చింది రాసేశాను. 'మాట్లాడాను. ఆలోచిస్తానన్నది.'

రాశాక నవ్వు ఆగలేదు. దగ్గొచ్చినట్టు నటిస్తూ వరండాలోకి పరిగెత్తి, స్తంభం పట్టుకుని కడుపు నొప్పెట్టేదాకా నవ్వాను.

నాలుగు రోజుల తర్వాత మేడం ఆ పేజీ తీసింది.

"ఈ మూడో పేజీ ఆమె, ఆలోచించిందా?"

"ఇంకా లేదు మేడం. భయమంట."

"దేనికి?"

"మళ్ళ ఫెయిలైతే ఇంట్ల తెలుస్తదని. బిడ్డకు పాసయిన్నని చెప్పుకున్నదంట."

ఆ మాట నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో నాకే తెలియదు. మేడం కళ్ళజోడు జార్చలేదు. మెల్లగా అంది, "పాపం, ఇన్నేండ్ల సంది ఒక్కతే మోస్తున్నట్టుంది. రాయమను. ఇది పోతే మళ్ళ రాదు. ఆమె నంబరియ్యి, నేనే మాట్లాడ్త."

నా బుర్ర అక్కడికక్కడే పనిచేయడం మానేసింది. ఏదో ఒక నంబర్ చెప్పొచ్చుగా? చెప్పలేదు. గడగడా నా నంబరే చెప్పేశాను. మేడం ఒక పసుపు చీటీ మీద రాసుకుని కంప్యూటర్ అంచుకు అంటించింది. ఆ క్షణం నుంచి నా ఫోన్ సైలెంట్‌లోకి పోయింది. ఆ రోజు ఆవిడ ఫోన్ చేయలేదు, మర్నాడూ చేయలేదు. మర్చిపోయిందనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

కానీ అడగడం మాత్రం మానలేదు. "ఆమె ఫీజు కట్టిందా?" అనేది. "కట్టిందంట మేడం" అనేదాన్ని, మధ్యాహ్నమే కట్టొచ్చి. "చదువుతున్నదా?" "లెక్కలు ఎక్కుతలేవంట." "ఎవర్నన్న అడగమను. నేర్చుకునేతందుకు సిగ్గేంది?" ఇలా రోజూ ఎవరో ఆడమనిషి తరఫున తిట్లు తిని, ఆ తిట్లు పదిలంగా యాప్రాల్ దాకా మోసుకెళ్ళి, ఇంట్లో నాకు నేనే అప్పజెప్పుకునేదాన్ని. ఇంత తమాషాగా నేను కాలేజీ రోజుల్లో కూడా చదవలేదు.

ఎవర్ని అడగాలి మరి? స్టాండర్డ్ డీవియేషన్ మా అమ్మాయి లెక్కల పుస్తకంలోనూ ఉంది. ఒక సాయంత్రం దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నీకు వచ్చిందో లేదో చూద్దాం. నాకేం తెల్వదనుకొని చెప్పు."

పాపం పిచ్చితల్లి, ఒక్కో మెట్టూ ఓపిగ్గా చెప్పింది. నేను పెద్ద ఎగ్జామినర్‌లా చేతులు కట్టుకుని తలూపుతున్నాను. లోపల మాత్రం ఒక్క ముక్కయినా జారిపోకుండా పట్టుకోవాలని చెమటలు పడుతున్నాయి.

"అర్థమైందా మమ్మీ?"

"నాకేంది అర్థమయేది? నీకైందా అని చూస్తున్న. మళ్ళొకసారి చెప్పు."

మూడోసారి చెప్పేసరికి నాకు నిజంగానే వెలిగింది. ఆ సంతోషంలో "మస్తు చెప్తున్నవ్ బిడ్డా" అనేశాను. అది పెన్ను పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. దాన్ని మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

నా పేపర్లో ఉన్న ఇండెక్స్ నంబర్ల లెక్కలు దాని పుస్తకంలో లేవు. నా పాత పుస్తకం తీసి దాని ముందు పెట్టాను.

"ఇది మా సిలబస్‌ల లేదు మమ్మీ."

"జ్ఞానానికి సిలబస్ ఉంటదా?" అని కసిరాను. ఆదివారం పొద్దున్నంతా అది తనకు అక్కర్లేని లెక్కలు తను నేర్చుకుని నాకు అప్పజెప్పింది.

పరీక్ష రోజుకు తలనొప్పి అని ముందే సెలవు చీటీ రాసిచ్చాను. మరుసటి రోజు వచ్చే తలనొప్పి ఈ రోజే ఎలా తెలిసిందని మేడం అడగలేదు. సంతకం పెట్టి, "నీళ్ళ బాటిల్ తీస్కపో" అంది. తలనొప్పికి నీళ్ళు మంచివనే అనుకున్నాను.

సెంటర్ దగ్గర వాచ్‌మన్ చెయ్యడ్డం పెట్టాడు. "పేరెంట్స్ లోపటికి పోవద్దమ్మా." హాల్‌టికెట్ చూపిస్తే నన్నూ, ఫోటోనూ రెండుసార్లు చూసి వదిలాడు. లోపల చూద్దును గదా, గదంతా పెళ్ళివారి విడిదిలా ఉంది. అందరూ అంకుల్స్, ఆంటీలే. ఒకాయన బట్టతల తుడుచుకుంటున్నాడు, ఇంకొకాయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వెనకాయన దగ్గర అడిగి పెట్టుకుని చూస్తున్నాడు. నా పక్క బెంచీ ఆవిడ, ఆస్పత్రిలో అడిగినట్టు "మీకేంది?" అంది. "స్టాటిస్టిక్స్. మీకు?" "అకౌంట్స్. పదిహేనేండ్ల సంది ఉన్నది." ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఇన్విజిలేటర్ కుర్రాడు బతిమాలుతున్నట్టు, "ఆంటీ, ప్లీజ్, సైలెన్స్" అన్నాడు.

పేపర్లో స్టాండర్డ్ డీవియేషన్ వచ్చింది. "ఫస్ట్ మీన్ తియ్యాలె మమ్మీ, పరేషాన్ గావద్దు" అన్న మా అమ్మాయి గొంతు చెవిలో వినిపించింది. మీన్ తీశాను. తర్వాతవన్నీ వాటంతటవే వచ్చాయి.

ఫలితాలు వచ్చిన రోజే రిపోర్టు అచ్చుకు వెళ్ళాలి. ఆ ఒక్క అధ్యాయం కోసం ఆగి ఉంది. మేడం కంప్యూటర్లో ఫలితాలు తెరిచింది. నాకు అటు చూసే ధైర్యం లేదు. మొక్కల పట్టికను మళ్ళీ మొదటినుంచి దిద్దుతున్నట్టు తల దించుకున్నాను. ఇది పోతే ఇక లేదు. జీవితాంతం ఆ అబద్ధాన్నే నెత్తిన పెట్టుకుని, ఆ అబద్ధంతోనే బిడ్డను కొడుతూ ఉండాలి.

మేడం పసుపు చీటీని పీకి చేతిలోకి తీసుకుంది. ఫోన్ అందుకుంది. బల్ల మీద నా ఫోన్ గుర్రుమంటూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తెర మీద 'మేడం' అని ఉంది. తలెత్తి చూస్తే, ఆవిడ ఫోన్ చెవిన పెట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. ఎత్తక తప్పలేదు.

"హలో."

"నమస్తే అండి. యూనివర్సిటీ నుంచి మాట్లాడ్తున్న. భయపడకున్రి, ఓటీపీ గిట్ల ఏం అడుగ."

మా మధ్య ఒక బల్ల మాత్రమే అడ్డం. ఆవిడ ప్రతి మాటా నాకు రెండుసార్లు వినిపిస్తోంది, ఫోన్లో ఒకసారి, ఎదురుగా ఒకసారి.

"చెప్పండి."

"మీరు స్టాటిస్టిక్స్ పాసయిన్రు. మీ డిగ్రీ పూరా అయింది. ముబారక్."

నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలియడం లేదు. "మేడం, మీకు ఎప్పటిసంది తెల్సు?"

"నంబరిచ్చిన నాడే. కొట్టంగనే నా ఫోన్ల నీ పేరొచ్చింది. ఏడాది సంది నా దగ్గర పన్జేస్తున్నవ్, నీ నంబర్ నా దగ్గరుండదా?" చూపు మాత్రం ఇంకా కిటికీ వైపే. మళ్ళీ ఆఫీసు గొంతు పెట్టింది. "ఇంట్ల చెప్పిన్రా అండి?"

"లేదండి."

"చెప్పున్రి. ఫోన్ పెడ్తున్న."

నేను లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. వెళ్ళి ఆవిడను వాటేసుకున్నాను. ఆవిడ కళ్ళజోడు నా జడలో చిక్కుకుంది. తీసుకోవడానికి ఇద్దరం తిప్పలు పడుతుంటే పక్క సెక్షన్ వాళ్ళు తలుపులోంచి తొంగి చూశారు.

వరండాలోకి వచ్చి, ఆ రోజు నవ్విన స్తంభం పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. పరీక్షల ముందు సెలవులు కదా, అమ్మాయి ఇంట్లోనే ఉంది.

"బిడ్డా, నేను డిగ్రీ పాసయిన."

అవతల నిట్టూర్పు. "తెల్సు మమ్మీ. ఒక్క సబ్జెక్టు తప్పకుండ, ఒక్కసారికే. ఇప్పుడు నేనేం చేసిన?"

ఆ మాటతో దాన్ని ఎన్నిసార్లు కొట్టానో ఆ గొంతులో వినిపించింది.

"కాదే. ఇయ్యాల పాసయిన. ఇప్పుడే. అప్పుడు మూడుసార్లు ఫెయిలైన. నీకు చెప్పిందంత అబద్ధం."

పెట్టేసిందేమో అనుకుని ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"అంటే... ఆ స్టాండర్డ్ డీవియేషన్?"

"నాకే."

"ఇండెక్స్ నంబర్లు?"

"అవి సుత నాకే."

"మూడుసార్లు చెప్పిచ్చుకున్నవ్!"

"మూడుసార్లకు గాని ఎక్కలే."

ఆ తర్వాత వినిపించింది అరుపో నవ్వో చెప్పలేను. తలుపు తెరుచుకున్న చప్పుడు, పరుగు, పక్క ఫ్లాటు కాలింగ్ బెల్లు. "ఆంటీ! మా మమ్మీని నేను పాస్ చేయించిన! నేను!" ఆ గొంతులో అంత గర్వం నేనెప్పుడూ వినలేదు. స్తంభానికి ఆనుకుని ఏడ్చేశాను, నవ్వుతూనే.

ఆయాసపడుతూ మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. "మమ్మీ, ఇంక నన్ను తిట్టవు గద?"

"తిడత. కని ఇప్పటిసంది నిజం చెప్పి తిడత."

లోపలికి వెళ్ళేసరికి మేడం మూడో పేజీ తెరిచి, రిమార్కుల గడి మీద పెన్ను పెట్టి ఉంచింది. నా పాత మాట కింద రాశాను. 'మాట్లాడాను. పాసయింది. ఇంట్లో చెప్పింది.' రిపోర్టు ఆ సాయంత్రమే అచ్చుకు వెళ్ళింది.