రేచుకుక్క బొమ్మలు వేసిన మా బావమరిది

మా బావమరిది పోయాడన్న కబురు నేను ఆఫీసులో ఉండగా వచ్చింది. మెదడులో రక్తనాళం చిట్లిందని, ఆస్పత్రికి చేర్చేలోపే అంతా అయిపోయిందని ఫోనులో డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ముప్పై కూడా నిండలేదు. ఇది చదువుతున్న మీలో చాలామంది వాడిని చూసే ఉంటారు. మన ఉగాది కార్యక్రమాల్లో స్టేజీ పక్కన మైకుల తీగలు సర్దుతూ, ఎవరైనా పలకరిస్తే నవ్వి ఊరుకునే సన్నటి కుర్రాడు.

కడప నుంచి న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కు చదువుకోవడానికి వచ్చాడు. రిక్కార్టన్‌లో నలుగురితో కలిసి ఫ్లాట్‌లో ఉండి చదువు ముగించాడు. ఆక్లండ్‌లో ఉద్యోగం దొరికాక బోటనీ డౌన్స్‌లో మా ఇంటికి చేరాడు. మాకప్పటికి బ్రాడ్‌బ్యాండ్ లేదు. వాడు నెట్‌లో ఉంటే ఇంటి ఫోను మోగేది కాదని మా ఆవిడ కేకలేసేది. చేతికి పెన్సిల్ దొరికితే కరెంటు బిల్లు కవరు మీదో, పిజ్జా డబ్బా మూత మీదో ఒకటే బొమ్మ వేసేవాడు. ఎర్రటి ఒళ్లు, నల్లటి కుచ్చుతోక, చొక్కా తొడుక్కుని రెండు కాళ్ల మీద నిలబడ్డ రేచుకుక్క. "పిల్లోళ్లకు వేస్తాండావా?" అని వాళ్లక్క అడిగితే "ఊఁ" అనేవాడు.

నాకు మాత్రం చెప్పాడు. వాడికి డ్రైవింగంటే భయం. ఆదివారాలు బస్సులు తక్కువ కాబట్టి స్నేహితులను కలవడానికి నేనే కారులో సిటీలో దింపేవాణ్ణి. మొహం చూడక్కర్లేకుండా, ఎదురుగా రోడ్డు చూస్తూ మాట్లాడటం వాడికి తేలిక.

"మమ్మల్ని ఫర్రీలంటారు బావా. మనుషుల మాదిరి నడిచే, మాట్లాడే జంతువులంటే ఇష్టమున్నోళ్లం."

"చిన్నపిల్లల కార్టూన్ల లాగానా?"

"కొంత ఆడ నుంచే వచ్చింది. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ పిచ్చోళ్లు సభలు పెట్టుకొని కలిసేటోళ్లు. ఎనభైల్లో అట్లాంటి సభలో ఎవరో వేసిన జంతువు బొమ్మ చుట్టూ మాటలు మొదలైనాయి. అవి హోటల్ గదుల్లోకి, జిరాక్స్ తీసి పంచుకునే పత్రికల్లోకి పాకినాయి. తర్వాత మాకే సొంత సభలొచ్చినాయి. ఇంటర్నెట్ వచ్చినాక ఇంగ చెప్పేదేముంది, కడపోడు కూడా దొరికినాడు!"

వాళ్లలో ఎక్కువమంది ఇరవై ఏళ్లకు అటూఇటూ ఉన్న మగపిల్లలేనట. దాదాపు అందరూ తెల్లవాళ్లు, కంప్యూటర్సో సైన్సో చదివినవాళ్లు. జంతువు వేషం కట్టేది కొద్దిమందే. మిగిలినవాళ్లు వాడిలాగే బొమ్మలు వేస్తారు, కథలు రాస్తారు, నెట్‌లో కబుర్లాడుకుంటారు. చాలామంది తోడేళ్లనో నక్కలనో ఎంచుకుంటారు. "నేను మన అడివిలో దాన్ని పెట్టుకున్నా. అదేం జంతువని అడగనోడు లేడు" అని మురిసిపోయాడు. అంతగా మురిసిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక ఆదివారం వానలో వెళుతుండగా ఇంకో మాట అన్నాడు. "మగోళ్లను ఇష్టపడే మగోళ్లు మాలో బయటికన్నా ఎక్కువే ఉంటారు బావా. ఆడ ఎవురూ దాన్ని వింతగా చూడరు."

అని ఆగాడు. వైపర్లు కొట్టుకుంటున్నాయి. "ఇక్కడ లెఫ్టేనా?" అన్నాను. ఆ దారి నాకు బాగా తెలుసు.

"లెఫ్టే బావా" అన్నాడు.

తన సంగతే చెప్పబోయాడో, ఊరికే అన్నాడో నాకిప్పటికీ తెలీదు. వాడు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేను అడగలేదు. ఆ తర్వాత కారెక్కగానే రేడియో పెట్టేయడం అలవాటు చేసుకున్నాను.

వాడు పోయాక, వాడి సెల్‌ఫోన్లో చివరిసారి మాట్లాడిన నంబరుకు నేనే కబురు చెప్పాను. అంత్యక్రియల రోజు పదిమంది దాకా వచ్చి ఆఖరి వరసలో కూర్చున్నారు. నల్లచొక్కాలు తొడుక్కున్న తెల్లపిల్లలు, ఒక మావోరీ అమ్మాయి. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు ఒదిగి ఉన్నారు. అంతా అయ్యాక వాళ్లలో పొడుగు కుర్రాడు నా దగ్గరికొచ్చి, "బావా అంటే మీరే కదా?" అని ఇంగ్లీషులో అడిగాడు. బావ అన్నది నా పేరనుకున్నాడు.

"మాలో చాలామందికి ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. తనకు మీరున్నారని ఎప్పుడూ చెప్పేవాడు. బావకు అన్నీ తెలుసు, ఏమీ అనుకోడు అనేవాడు. మీకు థాంక్స్ చెప్పాలనుకున్నాం."

ఆ మావోరీ అమ్మాయి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. కాదని చెప్పబోయాను. ఆ పిల్లల మొహాలు చూసి చెప్పలేకపోయాను. నేను వాడికిచ్చింది కాస్త పెట్రోలు, ఆదివారం గంటసేపు. దాన్నే వాడు వీళ్ల దగ్గర అంతగా చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు అన్నీ చెప్పాను, "లెఫ్టేనా" అన్న సంగతితో సహా. "మీకైనా చెప్పినాడు. నాకు అదీ లేదు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

పోయిన ఆదివారం ఆ పిల్లలు రమ్మంటే పార్కుకు వెళ్లాను. ఒకడు నక్క వేషం కట్టాడు. ఆ తల తగిలించుకుంటే కింద కాళ్లు కనబడవట, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాలి. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పొడుగు కుర్రాడు మంచినీళ్లు తేవడానికి వెళుతూ, "కాసేపు పట్టుకుంటారా?" అని ఆ చేతిని నాకు అందించాడు. బొచ్చు తొడుగు వెచ్చగా, చెమటకు చెమ్మగా ఉంది.

"మెట్టు" అన్నాను. తెలుగులో అన్నానని కూడా నాకు తోచలేదు. నక్క పాదం గాల్లో కాస్త తడుముకుని కిందికి ఆనింది.

"ఇంకో మెట్టు."

వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.