జాతరలో అవ్వ ఫోటో

తొంభైల చివర బాన్సువాడ జాతరలో చిన్న డేరా వేసి, నేను తీసిన ఫోటోలను ఫ్రేములు కట్టించి వేలాడదీశాను. కోటగిరి పొలంలో నాటు వేస్తూ నవ్విన ఒక అవ్వ ఫోటోను నడుమ పెట్టాను. వచ్చినవాళ్లు దాని ముందు చెప్పులు విడిచి దండం పెట్టేవారు.

"ఎప్పుడు పోయిందన్నా, పాపం?"

మా దిక్కు ఒక్క మనిషి ఫోటోకు ఫ్రేము కట్టించేది ఆ మనిషి పోయాకే. బతికే ఉందని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఇంతలో ఒకామె గుడికి తెచ్చిన బంతిపూల దండను ఆ ఫ్రేముకే వేసి వెళ్లింది.

సాయంత్రం ఆ అవ్వే వచ్చింది. కంగారుగా దండ తీయబోతే నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్ బిడ్డా. పోయినంక ఏస్తే నేను చూస్తనా?"