వెనక గోడలో గేటు

చందానగర్ దాటాక బొంబాయి రోడ్డు పక్కనున్న గోవిందప్ప గారి బ్రాందీ ఫ్యాక్టరీలో ప్రభుదాస్ ఇరవై రెండేళ్లు రాగి బట్టీ కాచాడు. ద్రాక్ష రసం ఎంతసేపు మరగాలో, మొదట దిగేదాన్ని ఎక్కడ ఆపి పారబోయాలో వాసన చూసి చెప్పేవాడు. తాను మాత్రం చుక్క ముట్టలేదు. అందుకు చర్చిలో మెచ్చుకున్నవాళ్లు లేరు గానీ, కాచేవాడు తాగకపోతే ఏంటట అని దెప్పినవాళ్లు బోలెడుమంది.

ఆ చర్చి ఎంతో దూరం లేదు. ఫ్యాక్టరీ ఆవరణలోనే పనివాళ్ల క్వార్టర్లు, వాటి వెనక గోడ, గోడలో చిన్న ఇనుప గేటు, అది దాటితే రేకుల కప్పు ప్రార్థన మందిరం. ప్రభుదాస్ గుమ్మం నుంచి నలభై రెండు అడుగులు. అతని భార్య కృపమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా రోజూ మందిరం ఊడ్చేది, ఆదివారం చాపలు పరిచి గంట కొట్టేది ఆవిడే. పిల్లలు లేని ఆ మనిషికి గేటు అవతలే బతుకంతా.

తొంభై అయిదులో మద్యనిషేధం వచ్చి ఫ్యాక్టరీ మూతపడింది. చర్చిలో అందరూ దేవునికి స్తోత్రాలు చెబుతుంటే కృపమ్మ ఒక్కతే ఎవరికీ వినపడకుండా వేరే ప్రార్థన చేసుకునేది, మా ఆయన పని మాకియ్యి ప్రభువా అని. ప్రభుదాస్ మాదాపూర్‌లో కడుతున్న మేడల దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఆవిడ శుక్రవారాలు ఉపవాసాలుంది. దేవుడు విన్నాడో, సర్కారుకు వేరే అవసరాలు పడ్డాయో, రెండేళ్లకు నిషేధం ఎత్తేశారు.

ఫ్యాక్టరీ తెరిచారు, ప్రభుదాస్ బట్టీ దగ్గరికి తిరిగొచ్చాడు, కానీ పాత బేరాలు మళ్లీ రాలేదు. అప్పుడు గోవిందప్పకు ఒక ఆలోచన తట్టింది. హైటెక్ సిటీకి కంప్యూటర్ల వాళ్లు, విదేశీయులు వస్తున్నారు. వాళ్లను పిలిచి రాగి బట్టీ చూపించి, గుక్కెడు రుచి చూపిస్తే? దానికి ఆబ్కారీ శాఖ వేరే లైసెన్సు ఇవ్వాలి. చూపించి చెప్పేవాడు ప్రభుదాసే. లైసెన్సు రాకపోతే బట్టీ అమ్మేయడమే.

ఇన్‌స్పెక్టర్ సుబ్బరాయుడు టేపు పట్టుకుని వచ్చాడు. రుచి చూపే గది గడప నుంచి టేపు గేటులోంచి సాగి, డెబ్భై మీటర్లకే మందిరం మెట్టుకు తగిలింది.

"మందు అమ్మే చోటుకీ మందిరానికీ మధ్య వంద మీటర్లుండాలండి. మనుషులు నడిచే దారినే కొలవాలి. ఇలాగైతే నేను రాయలేను," అన్నాడాయన.

"అంతేలే ప్రభుదాసూ," అన్నాడు గోవిందప్ప. "బట్టీ అమ్మేసి మా ఊరికి పోతా."

ఇక్కడే మన ప్రభుదాస్ తెలివి వెలగబెట్టాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు.

"సార్, గీ గేటు లేకుంటే దారి ఏడికెళ్లి వస్తది?"

"రోడ్డు మీద నుంచేనండి. అర కిలోమీటరు దాటుతుంది."

"మరి ఇగ ఫికర్ ఏంది సార్!"

గోవిందప్ప భుజం తట్టాడు. మర్నాడు ప్రభుదాసే గేటు ఊడదీసి ఇటుకలు పేర్చాడు. కృపమ్మ వచ్చి నిలబడింది.

"ఎన్ని దినాలు?"

"లైసెన్సు వచ్చేదాకనే. తర్వాత నా చేత్తోనే తీస్త."

అబద్ధమని ఇటుక పెడుతున్నప్పుడే అతనికి తెలుసు. ఆబ్కారీ వాళ్లతో అన్నేళ్లు మసలినవాడికి ఏటేటా తనిఖీ ఉంటుందని తెలియదూ! కృపమ్మ నమ్మింది. బకెట్‌తో నీళ్లు తెచ్చి సిమెంటు మాలులో పోసింది కూడా.

లైసెన్సు వచ్చింది. ఆదివారం ఆదివారం వ్యాన్లలో జనం దిగేవారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బట్టీ మీద చెయ్యేసి చెబుతుంటే ప్రభుదాస్‌కు జీవితంలో మొదటిసారి చప్పట్లు పడ్డాయి. కృపమ్మ రెండు ఆదివారాలు పక్కింటి అంజమ్మ భుజం పట్టుకుని, లారీల మధ్య రోడ్డు చుట్టి మందిరానికి వెళ్లింది. మూడోవారానికి మోకాళ్లు వాచిపోయాయి.

"లైసెన్సు వచ్చింది గదా, ఇగ తీస్తవా?" అని అడిగింది.

"వచ్చే ఏడు తనిఖీ అయిపోనీ."

ఆవిడ మళ్లీ అడగలేదు. గోడ దగ్గర స్టూలు వేసుకుని, ఒడిలో బైబిలు పెట్టుకుని, అవతల నుంచి పాట వినపడితే ఇటుకల వైపు తిరిగి గొంతు కలిపేది.

ఒక ఆదివారం ఒక కంప్యూటర్ల అమ్మాయి కిటికీలోంచి చూసి, "గోడతో పాడుతోంది, ఎవరండీ ఆవిడ?" అని అడిగింది.

"క్వార్టర్ల మనిషి మేడం," అన్నాడు ప్రభుదాస్. మా ఇంటిదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ మాట తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు ఏడ్చాడో అతనికే తెలియాలి.

తొంభై తొమ్మిది జనవరిలో కృపమ్మ గుండె ఆగి పోయింది. శవపెట్టెను రోడ్డు చుట్టి మందిరానికి మోసుకుపోయారు. గేటు ఉంటే ఎంత దగ్గరని మోసేవాళ్లలో ఒకడు అన్నాడు.

వానాకాలం రాకముందే అపార్ట్‌మెంట్ల వాళ్లు అడిగారని గోవిందప్ప స్థలం అమ్మేశాడు. లైసెన్సు కాగితం గోడకే ఉండిపోయింది. బుల్‌డోజర్ వచ్చి వెనక గోడను ఒక్క తోపుకు పడేసింది.

దుమ్ము అణిగాక ప్రభుదాస్ తన గుమ్మం నుంచి మందిరం దాకా నడిచాడు. నలభై రెండు అడుగులు. వెనక్కి వచ్చి, ఈసారి కృపమ్మ నడిచినట్టు చిన్న చిన్న అడుగులు వేస్తూ లెక్కపెట్టాడు. ఎంత చిన్నగా వేసినా అరవైకి మించి రాలేదు.