రెండో మీటరు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో కారు నడిపే ఆడమనిషి మా మేనత్త ఒక్కతే. మామయ్య పోయాక ఆయన టాక్సీని అమ్మేయమని అందరూ చెప్పారు. ఆమె అమ్మలేదు, నడపడం నేర్చుకుంది. అప్పటికే అది పాత కారు. నందిగామ ఆసుపత్రికి వెళ్ళే నిండుచూలాళ్ళు, పెళ్ళిచూపులకు బయల్దేరేవాళ్ళు ఆమెనే పిలిచేవారు. తల్లి లేని నన్ను ఆమే పెంచింది. మా ఇద్దరికీ కూడు పెట్టింది ఆ కారే.

ఒకరోజు నందిగామలో బేరం దింపి తిరిగి వస్తున్నాం. చిల్లకల్లు దగ్గర ఆయిల్ ప్రెషర్ చూపించే మీటరు ముల్లు సున్నాకి పడిపోయింది. అత్తయ్య వెంటనే ఇంజన్ కట్టేసింది. నూనె అందకుండా తిరిగితే లోపల ఇనుము ఇనుముతో రాసుకుని నిమిషాల్లో పాడైపోతుందని చెప్పింది. బానెట్ ఎత్తి, నూనె కొలిచే పుల్ల తీసి చూసింది. నూనె నిండుగానే ఉంది. కింద చుక్క కూడా కారలేదు. సున్నపురాయి లారీ ఒకదాన్ని ఆపి, తాడు కట్టించి పేట దాకా లాగించింది.

షెడ్డులో మేస్త్రి మీటరు చూసి, బేరింగులు అరిగిపోయాయన్నాడు. ఇంజన్ విప్పి బాగుచేయడం దండగన్నాడు. మామయ్య తమ్ముడు అక్కడికి వచ్చి ఉన్నాడు. ఆ కారుని పాత ఇనుముకి కొనేవాణ్ణి ఆయన ఏనాడో చూసిపెట్టుకున్నాడు.

"ఆడది తోలుతుంటే ముల్లుక్కూడా సిగ్గేసి తల దించుకుంది వదినా," అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు.

నవ్వు ఆగేదాకా అత్తయ్య ఆగింది. "బేరింగులు పోతే కింద టకటకా కొట్టాలి కదా మేస్త్రీ. నాకేం వినపళ్ళేదు."

"మీకు వినపడకపోవచ్చులే అమ్మా."

"సరే, నా చెవిని నమ్మకండి. ఆ మీటరుని నేనూ నమ్మను. ఇంకో మీటరు పెట్టి చూడండి."

మేస్త్రి పట్టించుకోలేదు. మరిది ఇనపకొట్టు వాడికి కబురు పంపబోయాడు. అత్తయ్య కారు తాళం బొడ్లో దోపుకుని, బండి ముందు నేలమీద కూర్చుంది. చూడకుండా కదలనివ్వనంది. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడికే తెప్పించుకుని తిన్నాం. చివరికి మేస్త్రి విసుక్కుంటూ, ఏదో లారీ నుంచి తీసిన మీటరొకటి వెతికి, పాతదాని స్థానంలో తగిలించాడు. ఇంజన్ స్టార్ట్ చేయగానే ముల్లు లేచి నిలబడింది.

"బానే ఉందమ్మా. తీసుకెళ్ళండి," అన్నాడు మేస్త్రి. నేను చప్పట్లు కొట్టబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పొద్దుట్నించీ చల్లారిపోయి ఉంది. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉంటుంది, అరిగిన ఇంజన్లోనూ ముల్లు లేస్తుంది. వేడెక్కనీండి."

ఆమె అలా అంటుందని నేను అనుకోలేదు. తనకు కావలసిన జవాబే వచ్చింది. దాన్ని కూడా ఆమె పరీక్షించకుండా తీసుకోలేదు. అరగంటసేపు ఇంజన్ ఆడింది. ఆమె ముల్లు మీది నుంచి చూపు తిప్పలేదు, నా చెయ్యీ వదల్లేదు. ముల్లు కొద్దిగా దిగి, సున్నాకి చాలా పైనే నిలిచిపోయింది. పాత మీటరు విప్పి చూస్తే, లోపల ముల్లుని తిప్పే చిన్న పళ్ళచక్రం విరిగి ఉంది.

"ఇవాళ బానే ఉంది. రేపో?" అన్నాడు మరిది.

"రేపూ చూస్తా అబ్బాయ్," అని తాళం బయటికి తీసింది.

ఆ కారు మమ్మల్ని ఇంకా చాలా ఏళ్ళు పోషించింది.

ఈ ఏడాది అత్తయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇక చేయగలిగింది ఏమీ లేదని డాక్టరు చెప్పారు. ఈ వయసులో ఇంకా ఏం చూపిస్తావని, ఇంటికి తీసుకెళ్ళిపోదామని బంధువులన్నారు. ఇంకో డాక్టరు చూసేదాకా ఆమెను కదిలించనివ్వనని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన వచ్చి, తీరిగ్గా చూశారు. మొదటాయన చెప్పింది నిజమే. అప్పుడు ఒప్పుకున్నాను. నాలుగో రోజున ఆమె పోయింది.

ఆఖర్న అందరినీ ఇబ్బంది పెట్టానని ఇప్పటికీ అంటున్నారు. అననీ. ఆనాడు షెడ్డులో వేడెక్కాక ముల్లు పడిపోయి ఉంటే, అత్తయ్య మారుమాట లేకుండా తాళం ఇచ్చేసేది. చూడకుండా ఇవ్వడం మాత్రం ఆమెకు చేతకాలేదు. నాకూ చేతకాదు.